తాలు అడిగిన మనిషి

పోయిన గురువారం మా ఆసుపత్రి ల్యాబులో పరీక్షలు చేసే ల్యాబమ్మ చనిపోయింది. కబురు విన్నప్పుడు కూడా ఆమె మీద నా పాత కోపం కదిలింది. అబద్ధం రాయను. ఆరేళ్ళ కిందట నలుగురిలో నిలబెట్టి నన్ను తిట్టింది. నా చేలో కూలికి వచ్చేవాళ్ళు కూడా ల్యాబు ముందు వరసలో ఉన్నారు.

మా ఆవిడకి రక్తంలో క్యాన్సరు. తెల్లకణాలు పెరిగిపోయే రకం. రోజుకో మాత్ర వేసుకుంటూ రెండేళ్ళు మిర్చి కోతలకి కూడా వచ్చింది. ఉన్నట్టుండి ఆయాసం పట్టుకుంది. ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు చేరాయన్నారు. క్యాన్సరు అక్కడికీ పాకిందని బంధువులే తేల్చేశారు. "ఇంక సూదులెందుకు బావా, ఇంటికి తీసుకెళ్దాం" అన్నాడు మా బావమరిది. నాకూ అదే తోచింది.

డాక్టరుగారు ఒప్పుకోలేదు. వీపులో సూది గుచ్చి నీళ్ళు తీసి, సీసా నా చేతికిచ్చి ల్యాబులో ఇమ్మన్నారు. ల్యాబమ్మ అన్నానికి వెళ్ళింది. సీసా ఒళ్ళో పెట్టుకుని గంట కూర్చున్నాను. అడుగున తెల్లగా నలక పేరుకుంది. నలభై ఏళ్ళు గుంటూరు యార్డుకి మిర్చి తోలినవాడిని. మచ్చు చూపించేటప్పుడు తెల్లబడ్డ తాలుకాయలు ఏరేసి ఎర్రటివే పెడతాం. నా బుద్ధి అటే పోయింది. టీ కొట్టు గ్లాసులోకి పైపంచెతో వడకట్టి, సీసా కడిగి, వడకట్టిన ఆ నీళ్ళే మళ్ళీ పోసి ఇచ్చాను.

ఆమె సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. "అడుగున ఏమీ లేదేంటి?"

"మచ్చు బాగుండాలి కదమ్మా. నలక తీసేశాను."

"ఇది యార్డనుకున్నారా పెద్దాయనా? తాలు ఏరేసి తెచ్చారు. నాకు ఆ తాలే కావాలి. మీ పరువు కోసం ఆవిడ మళ్ళీ సూది గుచ్చించుకోవాలి."

వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

మళ్ళీ గుచ్చారు. ఈసారి ల్యాబమ్మే వార్డుకి వచ్చి సీసా తీసుకుంది. "మా ఆయన్ని తిట్టారంట. ముప్ఫై ఏళ్ళుగా నావల్ల కాలేదమ్మా" అంది మా ఆవిడ, రొప్పుతూనే.

నేను ల్యాబు కిటికీ దగ్గర నిలబడి చూశాను. నీళ్ళని మిషన్లో గిరగిరా తిప్పి, అడుగుకి దిగినదాన్ని గాజుపలక మీద పూసి, రంగు వేసింది. మైక్రోస్కోపులో ఆ పలకని ఈ చివరనుంచి ఆ చివరకి, మళ్ళీ వెనక్కి, సాలు పక్కన సాలు దున్నినట్టు జరిపింది. ఒక్క సాలు వదల్లేదు. నా సొంత చేలో నేనెప్పుడూ అంత నిదానంగా నడవలేదు.

"క్యాన్సరు కణం కనపడలేదు" అంది.

"అంటే లేనట్టేగా?"

"నాకు కనపడలేదంటే లేదని కాదు. ఇంకో పలక చూడాలి."

అలా నాలుగు పలకలు చూసింది. ఆఖర్న నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఒంటికన్ను మూసి చూశాను. నేరేడుపండు రంగులో గుండ్రంగా, కళ్ళంలో ఆరబోసినట్టు ఎన్నో. "ఇవి ఒంటికి కాపలా కాసేవి. వీటిలో దొంగ దొరకలేదు" అంది. ఐదో తరగతితో బడి మానినవాడిని. మా ఆవిడ ప్రాణం అంత చిన్న అద్దంలో కనపడుతుంటే ఆమె లేవమనేదాకా కన్ను తియ్యలేదు.

క్షయా కాదు, గుండె జబ్బూ కాదని మిగతా పరీక్షల్లో తేలింది. అప్పుడు డాక్టరుగారు మాత్రని అనుమానించి ఆపారు. కొన్ని వారాలకి నీళ్ళు ఇంకిపోయాయి. క్యాన్సరుని అణిచిన మాత్రే నీళ్ళు పట్టించిందంట. వేరే మాత్ర ఇచ్చారు. మా ఆవిడ మళ్ళీ చేలోకి వచ్చింది.

తర్వాత ఎప్పుడు వెళ్ళినా ల్యాబమ్మ కళ్ళజోడు నుదుటికెక్కించి, వేయించిన శనగలు నములుతూ మా ఆవిడని పలకరించేది. రక్తం చూసి బాగుందని ఒక్కనాడూ అనలేదు. "ఇవాళ్టికి ఏమీ లేదు" అనేది. ఆ మాట పట్టుకుని మేము మళ్ళీ రావాల్సిన రోజుదాకా నిశ్చింతగా ఉండేవాళ్ళం.

ఈ మంగళవారం మా ఆవిడకి మళ్ళీ ఆయాసం వచ్చింది. నీళ్ళు తీశారు. మాత్ర వల్లనా, క్యాన్సరా, ఇంకేదన్నానా, చెప్పేవాళ్ళు లేరు. "ఫ్రిజ్‌లో పెట్టాం, గుంటూరు పంపిస్తాం" అంటున్నారు. ఎప్పుడంటే "చూద్దాం" అంటున్నారు. ల్యాబు కిటికీలోంచి చూశాను. మైక్రోస్కోపు మీద ఆమె పాత చీరతో కుట్టుకున్న ముసుగు కప్పి ఉంది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

ఆసుపత్రి పెద్దలూ, ఆ ముసుగు ఎవరు తీస్తారు? పడుకుంటే ఊపిరాడక మా ఆవిడ కూర్చునే నిద్రపోతోంది. సోమవారం పొద్దున్నకల్లా నాకు జవాబు కావాలి.