సైలెంటూ, క్వైటూ, మా మామ ఇంజను కూతా

మొన్న పరీక్షలో సైలెంట్‌కూ క్వైట్‌కూ తేడా రాయమంటే, రెండూ ఒకటేనని రాసి మా చెల్లెలు ధైర్యంగా సున్నా తెచ్చుకుంది. ఏడేండ్ల కింద నేనూ అదే రాశాను. నాకు సున్నా వేసింది మా అత్తయ్య.

అత్తయ్య మిషన్ బళ్లో ఇంగ్లీషు టీచరు. "సైలెంట్ అంటే అసలు చప్పుడే లేదని. క్వైట్ అంటే చప్పుడున్నా గొడవ లేదని. తెలిసిందా?" అనేది. తెలియలేదు. నేనుండి చదువుకున్నది వాళ్లింట్లోనే; మెట్టుగూడలో పట్టాల పక్కనున్న ఆ ఇంట్లో రెండూ దొరికేవి కావు. మామ ఇంజను డ్రైవరు. ఇంటి మలుపు దగ్గర రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత వేసేవాడు. అది విన్నాకే అత్తయ్య ఎసట్లో బియ్యం పోసేది. ఇంజను షెడ్డులో పెట్టి ఆయన ఇంటికొచ్చేసరికి అన్నం సిద్ధం. ఏ కూత ఎవరి మొగుడిదో వాడలో ఆడవాళ్లందరికీ తెలుసు.

పోలీసు చర్య మొదలైన పొద్దున మామ కాజీపేట వైపు బండి మీదున్నాడు. రైళ్లన్నీ ఆగిపోయాయి. పట్టాల మీద కాకి నడిస్తే వినపడేది. అత్తయ్య రోజూ ఎసరు పెట్టేది, అది ఇగిరిపోతే మళ్లీ నీళ్లు పోసేది. బియ్యం మాత్రం చేటలోనే. నేను అటుకులతో బతికాను.

"గిట్ల పరేషానైతే ఎట్ల టీచరమ్మా? జెర తిను," అంది పక్కింటి ఫిట్టరు భార్య.

"ఆయన రానీ."

నవ్విద్దామని, "అత్తయ్యా, ఇది సైలెంటా, క్వైటా?" అన్నాను. అత్తయ్య పట్టాల వైపు చెవి ఒగ్గింది. తేడా నాకప్పుడు తెలిసింది. జోకు మాత్రం పేలలేదు.

అయిదో రోజు, నవాబు లొంగిపోయాడని జెండాలతో, జేజేలతో ఊరేగింపొచ్చింది. అత్తయ్య ఉన్నట్టుండి దానికి అడ్డంగా పరుగెత్తి, క్లాసులో లాగా వేలెత్తింది. "ష్! ఒక్కరూ మాట్లాడొద్దు!" చరిత్ర నోరు మూసుకుని నిలబడింది. దూరంగా ఒక పొడుగు కూత. ఇంకొకటి. తర్వాత... ఏమీ లేదు. ఫిట్టరు భార్య నా చెయ్యి పిండేస్తోంది. అప్పుడు, పొట్టి కూత!

"నా ఎసరు!" అని కేకేసి అత్తయ్య లోపలికి ఉరికింది. ఊరేగింపు మళ్లీ షురూ.

మామ వచ్చాడు. రాజ్యం మారిందని చెబితే, "అట్లనా? గోంగూరుందా?" అన్నాడు. తిని, పడుకుని గురక పెట్టాడు. బయట షంటింగులో వ్యాగన్లు ఢీకొంటున్నాయి. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ, "ఇప్పుడు చెప్పరా," అంది.

"క్వైట్!"

పదికి పది వేసింది. ఏడేండ్లు ఇట్టే గడిచాయి గానీ, ఆ రెండో కూతకూ మూడో కూతకూ మధ్య కాలం మాత్రం నాకింకా గడుస్తూనే ఉంది.