గుట్టస్వామి రాసిన బోరు కీర్తన

మా అనంతపురం పల్లెల్లో ఆ రోజుల్లో వానకన్నా అరుదైనది ఒకటుండేది: బతికున్న వాగ్గేయకారుడు. ఆ ఒక్కడూ మా సంగీతం సారే. తొంభైల చివర్లో నేను ఆయన శిష్యుణ్ణి. పొద్దంతా పిల్లలకు సరళీస్వరాలు చెప్పి, మిగిలిన గొంతుతో కీర్తనలు కట్టేవారు. కట్టినవి నలభై. విన్నది ఇద్దరం, నేనూ, వాళ్ల బర్రె. (దానికే తాళజ్ఞానం ఎక్కువని సారు అభిప్రాయం.) తన పాట ఒక్కటి, తన పేరుతో, సభలో వినాలని ఆయనకు ప్రాణం కొట్టుకునేది.

కణేకల్లో సంగీత ఉత్సవాలకు నన్ను పాడమన్నారు. సారు పాటే పాడదామనుకున్నాను. సారు ఇస్త్రీ పంచెతో ముందు వరసలో కూర్చున్నారు. నేను వేదిక ఎక్కబోతుంటే సభ కార్యదర్శి నా చేతిలో పాట కాగితం చూసి అడ్డొచ్చాడు. ఆయనకు వేరుశనగ మిల్లు ఉంది, అందువల్ల సంగీతం మీద సర్వాధికారాలూ ఉన్నాయి.

"ఎవురిదప్పా ఈ పాట?"

"మా సారుదన్నా."

"బతికుండాడా?"

"ఉండాడు. ఆడ కూర్చోనుండాడు."

"బతికుండేవాళ్ల పాటలు మా స్టేజి మీద వద్దు."

సారు పంచె వైపు చూశాను. "తప్పు చెప్పినానన్నా. మూడు నూర్ల ఏండ్ల కింద గుమ్మఘట్ట కాడ ఉండిన గుట్టస్వామిది" అనేశాను. (అలాంటి స్వామి లేడు. అప్పుడే నా నాలుక మీద పుట్టాడు.) కార్యదర్శి చెప్పులు విడిచి మరీ మైకులో ప్రకటించాడు. సారు ముఖం పంచెకన్నా తెల్లబడింది.

"బోర్లు వేసి వేసి అలసితినయ్యా, నీ దయ పడదేమి" అని చరణం ఎత్తుకున్నాను. రైతులు ఏడ్చిన ఏడుపుకు ఆ రాత్రి భూగర్భజలాలు రెండడుగులు పెరిగుంటాయి. సారు ఇక ఆగలేక వేదికెక్కారు.

"అది నా పాటప్పా! మూడు నూర్ల ఏండ్ల కింద బోరు మిషను యాడుండాది?"

నా పని అయిపోయిందనుకున్నాను. కార్యదర్శి కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు.

"స్వామి మహిమ చూడండన్నా! బోర్లు ఎండిపోతాయని అప్పుడే చెప్పినాడు!"

జనమంతా లేచి నిలబడి దండం పెట్టారు. ఆ మహిమను బయటపెట్టినందుకు సారుకు శాలువా కప్పారు.

తిరుగు బస్సులో ఆయన పక్కనే కూర్చున్నాను. "తప్పయిపోయింది సార్" అంటే శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఒక ముసలామె ఆ చరణం నేర్పమని నా చెయ్యి పట్టుకునింది రా. ఎవరు రాసినారని అడగనే లేదు." మళ్లీ తనే, "పెట్టెలో ఇంకా ముప్పై తొమ్మిదుండాయి. అవి గూడా మీ స్వామే రాసినాడని చెప్పు."

చెప్పాను. అన్నీ స్వామి పేరుతోనే పాడుతున్నారు. సారు పోయాక ఇప్పుడు నేనే పిల్లలకు నేర్పుతున్నాను. ప్రతి పాటకూ ముందు, "ఇది మా సారు కట్టింది" అని నిజం చెబుతాను. మొన్న ఒక అమ్మాయి జాలిగా చూసి, "పోనీలే సార్, మీకు గురుభక్తి ఎక్కువ" అంది. నవ్వుకుని శ్రుతిపెట్టె నొక్కాను. అబద్ధమాడినవాడికి ఎంత మంచి పేరొచ్చిందో చూడండి.