ఎల్లుండికి ఇంగ్లీషు మాట

2023 ఆగస్టు 21, సోమవారం నాటికి ఆనంద్ పాల్ మాస్టారు కొల్లేటి గట్టు జనానికి రాసిపెట్టిన అర్జీలు నాలుగు వందల పన్నెండు. అర్జీకి ఒకటి చొప్పున ఎవరికీ అర్థం కాని ఇంగ్లీషు మాట వేయనిదే ఆయన పెన్ను ముందుకు సాగదు. అత్తిలి వైపు ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఒకసారి దోమల మందు కొట్టించమని ఆయన రాసిన అర్జీ చదివి, ఊళ్లో కొత్త రోగమేదో పుట్టిందని జీపులో డాక్టర్ని పంపించారు.

నాలుగు వందల పదమూడోది కెజియాది. ఆధార్‌లో ఆమె పేరు చివర హెచ్ ఉంది, టెన్త్ సర్టిఫికెట్‌లో లేదు. ఇద్దరూ ఒకరేనని తహసీల్దారు కాగితం ఇవ్వకపోతే బుధవారం ఏలూరు కౌన్సెలింగ్‌లో నర్సింగ్ సీటు మరొకరికి పోతుంది. రెండు రోజులుగా ఆ అమ్మాయికి అన్నం సహించడం లేదు.

"మాస్టారండీ, ఈ ఒక్కసారికీ మామూలు మాటలతో రాయండి."

"మామూలుగానే రాశానమ్మా. 'దయచేసి పెరెండినేట్ చేయవద్దు' అన్నాను."

"అంటే ఏంటండీ?"

"అడిగితే చెబుతాను. ఆఫీసు వరండాలోనే కూర్చుంటాగా."

మండలాఫీసులో గుమస్తా గంగాధరరావు అర్జీ వైపు చూడకుండానే చెయ్యి చాపాడు.

"ఎల్లుండి రామ్మా."

"ఎల్లుండే కౌన్సెలింగండీ."

"అయితే మధ్యాహ్నం పైన రా." కట్టలో పెట్టబోతూ ఆయన ఆగాడు. కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏం చేయొద్దంటున్నావు మమ్మల్ని?"

"నాకూ తెలీదండీ."

"తెలీకుండా సంతకం పెట్టావా? ఇది తిట్టయితేనో?"

సీటు సంగతి దేవుడెరుగు, కేసు పెడతారేమోనని కెజియాకు భయం పట్టుకుంది. గంగాధరరావు కాగితాన్ని తహసీల్దారు బాలాత్రిపురసుందరి గారి ముందు పెట్టాడు. ఆవిడ రెండుసార్లు చదివి, కెజియానూ మాస్టారినీ లోపలికి పిలిపించారు.

"ఈ మాటకు అర్థమేంటండీ మాస్టారూ?"

"లాటిన్ వాళ్ల ఎల్లుండిలోంచి పుట్టిందండీ. పనిని రేపటికి కూడా కాదు, ఎల్లుండికి తోయడం."

గంగాధరరావు ఫ్యాను వైపు చూశాడు. తహసీల్దారు గారు కెజియా వైపు చూశారు. పీక్కుపోయిన మొహం, నలిగిన హాల్‌టికెట్, పేరు చివర ఒక హెచ్. పావుగంటలో కాగితం మీద స్టాంపు పడింది.

బయటికొచ్చాక కెజియా ఉండబట్టలేకపోయింది. "ప్రాణం పోయిందండీ. తేలిక మాట రాస్తే పనవదా?"

"తేలిక మాటలతో రాస్తే చదవక్కర్లేదమ్మా, కట్టలో పెట్టేయొచ్చు. అర్థం కాలేదనుకో, మనిషిని పిలవాలి. పిలిస్తే మొహం చూడాలి. మొహం చూశాక తిప్పి పంపడం ఎవరికైనా కష్టమే. అందుకే ముందుగా అర్థం చెప్పను. చెబితే వాళ్లు గుమ్మంలోనే మీ నోట విని పంపించేస్తారు."

నాలుగు వందల పన్నెండుసార్లూ ఆయన ఆ వరండాలో ఎందుకు కూర్చున్నారో కెజియాకు అప్పుడు తెలిసింది.

మరుసటి వారం, హాస్టల్‌కు వెళ్లేముందు చెప్పిపోదామని ఆమె మాస్టారింటికి వెళ్లింది. అరుగు మీద అప్పటికే ఒకాయన తెల్లకాగితంతో కూర్చుని ఉన్నాడు. గంగాధరరావు.

"నా ట్రాన్స్‌ఫర్ అర్జీ పై ఆఫీసులో ఏడాదిగా కదలట్లేదండీ," అంటున్నాడాయన, కెజియాను చూసి గొంతు తగ్గించి. "ఒక మాట వేసిపెట్టండి. కాస్త గట్టిదే వేయండి, అక్కడ ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లున్నారు."