మాంగనీస్ డబ్బాలు

లోవర్ హట్ నుంచి వెల్లింగ్టన్ వెళ్లే రైల్లో నా ఒళ్లో నాలుగు మాంగనీస్ బిళ్లల డబ్బాలున్నాయి. ఇండియా వెళ్లేటప్పుడు చుట్టాలకు న్యూజిలాండ్ బిళ్లలు పట్టుకెళ్లడం మాకు ఆనవాయితీ. ఎదురు సీట్లో వృద్ధుల్ని చూసుకునే కేర్‌హోమ్ యూనిఫాంలో ఉన్న తెలుగావిడ లేబుల్ చదివింది.

"ఎవరికండీ?"

"మా మామయ్యకి. ఎముకలకి బలమట."

"ఉత్త మాంగనీస్‌తో ఎముకలు గట్టిపడతాయని సరైన రుజువేం లేదండీ. అన్నం, పప్పు తినేవాళ్లకి లోటు రావడమే అరుదు. ఎక్కువైతే నరాల మీద పడుద్ది, చేతులు వణుకుతాయి. ఆయన లివర్ బానే ఉందా?"

బాగాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా "అందరూ వేసుకుంటున్నారండీ" అన్నాను మొండిగా.

"అందరి లివర్ వేరు, ఆయన లివర్ వేరు కదా! అది బాగోకపోతే మాంగనీస్ ఒంట్లోనే పేరుకుపోద్ది."

తన ఫ్లాస్కు మూతలో టీ పోసి నా చేతికిచ్చింది.

"ఇందులోనూ ఉంది మాంగనీస్. తాగండి."

తాగాను. ఆ డబ్బాలు ఇండియా చేరలేదు. మామయ్య అలిగాడు. అలగనీ.

ఇప్పటికీ నా ప్రయాణం అనగానే చుట్టాల ఫోన్లు మొదలవుతాయి.

"సూట్‌కేసులో చోటుందిగా?"

"ఉంది. ఖాళీగానే తెస్తాను."