మలికిపురంలో మాకిచ్చిన కొబ్బరిబొండం

మొన్న శనివారం పొద్దున్న ఎనిమిదింటికి, నాలుగేళ్ల మా అమ్మాయి నిత్యని వెంటబెట్టుకుని అమలాపురం బస్టాండులో రాజోలు బస్సెక్కాను. వెళ్లాల్సింది మలికిపురం, మరియమ్మ గారి దగ్గరికి. రెండేళ్లు మా ఇంట్లో నిత్యని పెంచిన మనిషి ఆవిడ. నెల కిందట మోకాళ్ల నొప్పులని చెప్పి పని మానేసి కూతురింటికి వెళ్లిపోయారు. నేను నమ్మాను.

పోయిన వారం నిత్య బొమ్మలకి విందు చేసింది. నాలుగు బొమ్మల ముందు నాలుగు గ్లాసులు పెట్టి, ఐదోది తీసుకెళ్లి కిటికీలో పెట్టింది. అదెవరికని అడిగాను.

"మరియమ్మమ్మకి. తను మన గ్లాసు ముట్టుకోకూడదుగా! ఓ రోజు ముట్టుకుంటే వద్దని చెప్పేను కూడా," అని, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూసింది.

మా వంటింటి కిటికీలో ఆవిడ గ్లాసు విడిగా ఉండే మాట నిజమే. శుభ్రత కోసమని నాకు నేను చెప్పుకునేదాన్ని. పాపకి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. చెప్పకపోయినా నేర్చేసుకుంటుందని తెలిసుండాల్సింది, డిగ్రీలో సైకాలజీ చదివినదాన్ని. ఎదుటి మొహం కనబడగానే మనవాళ్లా పరాయివాళ్లా, మనకన్నా పైనా కిందా అని మెదడు తేల్చేసుకుంటుందని, ఎవరు పైనో ఎవరు కిందో మాత్రం పిల్లలు పెద్దవాళ్ల చూపుల్లోంచి పట్టేస్తారని పరీక్షలో పేజీలు నింపాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

ఆవిడ దగ్గర తప్పు ఒప్పుకోవాలి, నిత్య కోసం మళ్లీ రమ్మని అడగాలి. ఇందుకే ఈ ప్రయాణం.

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్టు. పొద్దుటి బస్సయితే కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. మా పక్కన ఓ పెద్దావిడ కూర్చున్నారు. బస్సు ఊరు దాటకముందే మొదలుపెట్టారు.

"ఏ ఊరమ్మా మీది? ఎవరి తాలూకా?"

మావారి ఇంటిపేరు చెప్పాను. మా పుట్టింటి ఇంటిపేరూ చెప్పించుకుని, మధ్యలో ఎవరో మేనత్తని కలిపి, "అయితే మనోళ్లే!" అన్నారు. ఆవిడ భుజాలు వదులయ్యాయి. సంచిలోంచి జంతికలు తీసి నిత్య చేతిలో పెట్టారు. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే అనిపించింది.

బోడసకుర్రులో ఒకతను ఎక్కి పక్క వరసలో కూర్చున్నాడు. లుంగీ, మాసిన చొక్కా, కొబ్బరి పీచు మరకలతో నల్లబడిన చేతులు. అతన్ని ఎవరి తాలూకా అని ఎవరూ అడగలేదు. పెద్దావిడ కిటికీలోంచి గోదావరి చూడటం మొదలుపెట్టారు. నా చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగు జిప్పు మీదికి పోయింది. బస్సు వంతెన మీద ఉండగా ఆ చేతిని నేనే చూసుకున్నాను.

క్లాసులో విన్నది ఒకటి గుర్తొచ్చింది. ఆ మనిషికి ఏ కూర ఇష్టమై ఉంటుందని ఆలోచిస్తే చాలు, ఈ ఉలికిపాటు తగ్గుతుందట. అప్పుడు మెదడు జాతిని వదిలేసి మనిషిని చూడాల్సి వస్తుంది. ఆటలా ఉంటుందని నిత్య చెవిలో చెప్పాను. గుసగుసలు దానికి రావు.

"మామయ్యా, నీకే కూరిష్టం?" అని బస్సంతా వినబడేలా అడిగింది.

అతను ఒక్కక్షణం నా వైపు చూశాడు. నేను నవ్వాక నవ్వాడు. "పనసపొట్టు కూరమ్మా. మా ఆవిడికి పొట్టు కొట్టడం రాదు. రోజుకి వెయ్యి కాయలు ఒలిచొచ్చి, అదీ నేనే కొట్టుకోవాలి!"

"ఆవపెట్టి వండాలి బాబూ, లేకపోతే పస ఉండదు," అన్నారు పెద్దావిడ, కిటికీలోంచి తల తిప్పకుండానే.

"ఆయ్, ఆవ లేకుండా ఎలాగండీ!"

పాసర్లపూడి దాటేదాకా పొట్టు కూర నడిచింది. నిత్య నా గడ్డం పట్టుకుని, "మరియమ్మమ్మకి చింతచిగురూ రొయ్యలూ," అంది. రెండేళ్లు మా ఇంట్లో ఉన్న మనిషికి ఏమిష్టమో నాకు ఆ బస్సులో తెలిసింది.

రాజోలులో దిగేసరికి తొమ్మిదిన్నర. బస్టాండు ఎదుట పెసరట్టు బాగుంది, అల్లప్పచ్చడి పిల్లలకి కారం. షేర్ ఆటోలో ఇరవై నిమిషాలకి మలికిపురం.

మరియమ్మ గారి అమ్మాయి ఎస్తేరు గారు స్కూలు టీచరు. సొంత డాబా. గేటు తియ్యగానే నిత్య పరుగెత్తుకెళ్లి మరియమ్మ గారిని చుట్టేసింది. మోకాళ్ల నొప్పులన్న మనిషి దాన్ని ఎత్తుకుని గిర్రున తిప్పారు.

"మరియమ్మ గారూ, బాగున్నారా?" అన్నాను.

ఎస్తేరు గారు నవ్వారు. "రెండేళ్లలో రాని 'గారు' ఇవాళ ఎక్కడ దొరికిందండీ? దార్లోనా?"

"ఊరుకోవే," అని మరియమ్మ గారు లోపలికెళ్లి, మాకు రెండు కొబ్బరిబొండాలు స్ట్రా వేసి తెచ్చారు. చింపని బిస్కట్ ప్యాకెట్టు పక్కన పెట్టారు. బొండం తియ్యగా ఉంది. సగం తాగాక టీ వాసన వచ్చింది. వంటింట్లో తల్లీకూతుళ్లకి రెండు గ్లాసుల్లో టీ పోసి ఉంది. మాకు మాత్రం వాళ్ల గిన్నె తగలనివి, వాళ్ల చెయ్యి పడనివి. కాదనే ఇబ్బంది నాకు లేకుండా, అడగకముందే ఆవిడ చూసుకున్నారు. నా మొహం ఎప్పుడు ఎలా మారుతుందో ఆవిడకి నాకన్నా బాగా తెలుసు.

"నాకూ టీ ఇవ్వండి," అన్నాను.

"తాగుతారో లేదోననండీ..."

"తాగుతాను. మీరు నొప్పుల వల్ల మానలేదు కదూ?"

ఆవిడ నిత్య జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టారు. "మీ గ్లాసు సంగతి నాకు మొదట్రోజే తెలుసండీ. అలాంటి ఇళ్లు చాలా చూసేను. పాప అన్నప్పుడు మాత్రం ఉండలేకపోయేను. నా చేత్తో అన్నం తిని పెరిగింది. ఇంకా పెద్దయి ఇంకా ఏమంటాదో అది వినకూడదని వచ్చేసేను."

"తప్పు నాది. పాప నన్ను చూసి నేర్చుకుంది. క్షమించి మళ్లీ రండి."

"అమ్మ రాదండీ," అన్నారు ఎస్తేరు గారు, టీ గ్లాసు నా చేతికిస్తూ.

మరియమ్మ గారు జడకి రబ్బరుబ్యాండు వేసి, దువ్వెన పక్కన పెట్టారు. "పనికి రానండీ. మీ మీద కోపం కాదు. ఇంక ఎవరింటికీ పనికెళ్లను. చుట్టపుచూపుగా పిలిస్తే వస్తాను."

"అయితే వచ్చే ఆదివారం భోజనానికి రండి. ఎస్తేరు గారూ, మీరు కూడా."

"చర్చి అయ్యేసరికి పదకొండవుతాదండీ," అన్నారు ఎస్తేరు గారు. "రమ్మంటే వస్తాం. వచ్చేక చూద్దాం లెండి."

మధ్యాహ్నం అక్కడే తిన్నాం. రాజోలులో మూడింటి బస్సు దొరికింది. నిత్య నా ఒళ్లో నిద్రపోయింది. మావారికి ఫోన్ చేసి, ఆదివారం భోజనానికి ఇద్దరొస్తున్నారని, ఎవరో చెప్పాను. ఆయన ఆ పేర్లు రెండుసార్లు చెప్పించుకున్నారు.

"కోడి తేనా, చేపా?" అన్నారు చివరికి. "అమ్మ ఏమంటుందో మరి."

"అత్తయ్యగారితో నేను మాట్లాడతాను."

పిల్లల కోసం ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకి చెప్పేది ఒకటే. దారి సులువు, రెండు గంటలు పట్టదు. వెళ్లినపని మాత్రం మీరనుకున్నట్టు అవ్వకపోవచ్చు. నాకు ఆయా దొరకలేదు. నిత్య ఇంక ఆవిడ చేతిలో పెరగదు, ఆ పని ఇప్పుడు నాది. ఆదివారం మరియమ్మ గారిని నేను ఎక్కడ కూర్చోమంటానో, ఎలా వడ్డిస్తానో, మా అత్తగారి మొహం వైపు ఎన్నిసార్లు చూస్తానో, నిత్య పక్కనే కూర్చుని చూస్తూ ఉంటుంది.