మెడ లేని ఎక్స్‌రే

హరికిషన్‌కు ఒక గర్వం ఉంది. మారేడ్‌పల్లిలోని ఆ ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసేవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, తీసింది మళ్లీ తీయాల్సిన అవసరం రానిది తన ఒక్కడికేనని ఆయన నమ్మకం. సీతాఫల్‌మండిలో ఆయన ఇంటి చుట్టుపక్కల వాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు, ఆయనే చెప్పాడు కాబట్టి.

దీని వెనక ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊపిరితిత్తుల పెద్ద డాక్టరు ఒకాయన, ఛాతీ ఫిల్మ్‌లో అడుగు తెగిపోయిందని అందరి ముందూ దులిపేశాడు. అప్పటి నుంచి మంచం మీది రోగి వీపు కింద ప్లేటు పెట్టేటప్పుడు హరికిషన్ దాన్ని బెత్తెడు కిందికి లాగుతాడు. అడుగు తెగదు, మెడ తెగుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో మెడతో ఎవరికేం పని అని ఆయన ధీమా. పని పడేదాకా ధీమాకేం, బాగానే ఉంటుంది.

బొల్లారం నుంచి వచ్చిన విజయమ్మకు పేగు ఆపరేషన్ అయింది. నోటితో ఏమీ తినకూడదు. మనిషి పీక్కుపోయింది. పైగా మత్తు దిగినప్పటి నుంచి అమ్మ ఏదేదో మాట్లాడుతోందని కొడుకు తుకారాం కనబడిన వాళ్లందరికీ చెబుతున్నాడు. ఆమెకు బలం రావాలంటే చిక్కటి ఆహార ద్రవాన్ని నరంలోకి ఎక్కించాలి. అందుకే మత్తు డాక్టరు దేవిశ్రీ కుడివైపు కాలర్ ఎముక కింది నుంచి సెంట్రల్ లైన్ వేసింది. పెద్ద నరంలో గుండె దగ్గరిదాకా వెళ్లే సన్నటి గొట్టం అది. దాని కొస గుండెకు కాస్త పైన ఉందని ఎక్స్‌రేలో చూశాకే ద్రవం ఎక్కిస్తారు. కొస దారి తప్పితే ఆ చిక్కటి ద్రవం నరాన్ని పాడు చేస్తుంది, లోపల రక్తం గడ్డకట్టినా కట్టవచ్చు.

హరికిషన్ మిషను తోసుకుంటూ వచ్చాడు. అలవాటు ప్రకారం ప్లేటు కిందికి లాగి ఫిల్మ్ తీశాడు. ఈలోగా నర్సు జెనిఫర్ సిరంజితో గొట్టంలోంచి కాస్త రక్తం లాగి చూసి, తర్వాత సెలైన్ పంపింది.

"చెవుల నీళ్లు పారుతున్నయ్ బిడ్డా," అంది విజయమ్మ. "గులగుల అంటున్నది."

హరికిషన్ నవ్వాడు. "చెవుల నల్లా గిట్ల పెట్టిన్రా ఏందీ, పెద్దమ్మా?"

విజయమ్మ నొచ్చుకుని కళ్లు మూసుకుంది. దేవిశ్రీ మాత్రం నవ్వలేదు. మంచం దగ్గరికి వచ్చి, "ఏ చెవిలోనమ్మా?" అని అడిగింది.

"కుడి చెవుల."

దేవిశ్రీ మిషను తెర మీద ఫిల్మ్ చూసింది. గొట్టం తెల్లటి గీతలా కాలర్ ఎముక వెంట నడిచింది. కిందికి దిగాల్సిన చోట పైకి తిరిగింది. ఆ పైన ఫిల్మే లేదు.

"హరికిషన్ గారూ, కొస కనబడట్లేదండి. మెడ కూడా వచ్చేట్టు ఇంకోటి తీయండి."

ఇంకోటి! హరికిషన్‌కు మొహం మాడింది. "రక్తం మంచిగనే వస్తున్నది గద మేడం. లైన్ కరెక్టే ఉంటది."

"మెడ నరంలో ఉన్నా రక్తం వస్తుందండి," అంది దేవిశ్రీ నెమ్మదిగా.

ఆహార ద్రవం సంచి అప్పటికే స్టాండుకు వేలాడుతోంది. దాన్ని చూశాక హరికిషన్ ప్లేటు పైకి జరిపి తీశాడు. గొట్టం మెడలోకి ఎక్కి, కొస దవడ దగ్గర నిలిచి ఉంది. విజయమ్మ చెవిలో గులగులమన్నది ఆ సెలైనే.

దేవిశ్రీ మళ్లీ చేతులు కడుక్కుని, గ్లవుజులు తొడుక్కుంది. గొట్టాన్ని కొంత వెనక్కి లాగి, దాంట్లోంచి సన్నటి తీగను పంపింది. విజయమ్మ తలను కుడివైపు తిప్పించి, తీగ మళ్లీ పైకి పోకుండా మెడ నరాన్ని జెనిఫర్ చేత నొక్కి పట్టించింది. తీగ కిందికి దిగాక పాత గొట్టం తీసేసి, తీగ మీదుగా కొత్తది వేసింది. హరికిషన్ వేరే వార్డు పిలుస్తున్నా పోకుండా అక్కడే నిలబడ్డాడు. మూడో ఫిల్మ్‌లో కొస ఉండాల్సిన చోటే ఉంది.

ద్రవం చుక్కలు పడటం షురూ అయ్యాక ఆయన మంచం పక్కకు వచ్చాడు.

"పెద్దమ్మా, నువ్వు చెప్పింది నిజమే. గొట్టం మెడలకు పోయింది. నేనే సరిగ్గ తియ్యలే, పైంగ నీ మాటకు నవ్విన. తప్పైంది."

తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు, చెయ్యి పట్టుకుంది.

"అయితే నాకు మతి పోలేదు గద బిడ్డా? అందరంటుంటే నేను సుత పోయిందనే అనుకున్న."

"పోలేదు పెద్దమ్మా," అన్నాడు.

"గా మాట మావోనికి చెప్పు. నేను చెప్తె నమ్మడు."

హరికిషన్ బయటి హాల్లోకి వెళ్లాడు. నలుగురి మధ్య కూర్చున్న తుకారాంను పిలిచి, తాను తీసిన మొదటి ఫిల్మ్ దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.