మగ్గం దిగని కాలు

పోచంపల్లిలో ముప్పై ఏళ్లు మగ్గం నేసిన భిక్షపతికి కూర్చున్నచోట కాలు ఊరకుండదు. ఇప్పుడు పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ చీరల కొట్టులో స్టూలు మీదైనా, ఎల్బీ నగర్ కిరాయి ఇంటి అరుగు మీదైనా, ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు ఆనించి, మగ్గం తొక్కినట్టే పాదంతో నేలను తొక్కుతూనే ఉంటాడు. లయ తప్పిన గుండెకు ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఇదే వరస. "ఇప్పటికి దారిలో పడింది. ఇలాగే నిలుస్తుందా అంటే, ఏడాది గడిస్తే తప్ప చెప్పలేమండీ" అన్నాడు డాక్టరు. ఏడాది ఆగే ఓపిక భిక్షపతికి ఏది? మగ్గం మీద ఏనాడూ తడబడని కాలు తనది. నాడి ఆ కాలితో కలిసిందంటే గుండె కుదురుకున్నట్టేనని తేల్చుకున్నాడు. రోజూ కలిసేది. ఎవరడిగినా "ఫస్ట్‌క్లాస్ ఉన్న" అనేవాడు.

సకల జనుల సమ్మెలో బస్సులు బందైన రోజు ఎల్బీ నగర్ చౌరస్తా మూగబోయింది. వంటింట్లో ఉన్న భార్య అండాలమ్మకు ఆ కాలి చప్పుడు మొదటిసారి సాఫుగా వినబడింది. రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి ఆలస్యంగా, మళ్లీ గబగబా మూడు. పరుగున వచ్చింది. "ఏమయ్యా, మగ్గం మీద ఎన్నడన్న గిట్ల తొక్కినవా? నాడి నీ కాలుతోని కలుస్తలేదు, నీ కాలే నాడి ఎంబడి పోతున్నది! నడువు, దవాఖానకు పోదాం." భిక్షపతి తన పాదాన్ని పరాయివాడి పాదంలా చూశాడు. "బస్సులు నడవనీ, పోదాం" అన్నాడు. మర్నాడు పొద్దున చప్పుడు సమంగా, అచ్చం పాత మగ్గంలా వినబడింది. అండాలమ్మ సంబరంగా తొంగి చూసింది. కాలు తొక్కుతూనే ఉంది. వేళ్లు మాత్రం మణికట్టు మీద లేవు.